సముద్రతీరమున చిన్న బస

గడచిన సంక్రాంతికి మా ఊరు దేవరాపల్లి వెళ్ళినప్పుడు మా చిన్నాన్న నన్నొక ప్రశ్న అడిగినారు. దానికి అప్పటికప్పుడు సమాధానము చెప్పలేకపోయినాను. తరువాత నిదానముగా ఆలోచించి చెప్పిన ఆ సమాధానమునే ఈనాడు మీకు మనవి చేయబోతున్నాను.

చిన్నాన్నది చెరకు వ్యవసాయము. రైవాడ జలాశయము దిగువన కొద్దిపాటి భూమి. ఏటేటా బెల్లము వండించి అనకాపల్లి మార్కెట్టుకు తోలడమే గాని, ఆయన ఎరిగిన దూరప్రయాణములు రెండే: తిరుపతి ఒకటి, కాశి ఒకటి. ఆయన కుమారుడు నాలుగేండ్లుగా టోక్యో నగరములో ఉద్యోగము చేస్తున్నాడు. 1960లలో బైలదిల్లా గనుల ఇనుపరాయిని జపాను ఉక్కు కర్మాగారములకు పంపే నిమిత్తము మన కొత్తవలసనుండి కిరండూలుకు రైలుమార్గము వేసినారు. ఆనాడు మన విశాఖ రేవునుండి ఆ దేశమునకు రాయి వెళ్ళినది. ఈనాడు మన పిల్లలు వెళ్తున్నారు.

బెల్లపు వంటలు ముగిసి ఉగాది వెళ్ళిన తరువాత తల్లిదండ్రులను రెండు వారములు తనవద్ద ఉంచుకోవలెనని ఆ అబ్బాయి కోరిక. అందులో మూడు రాత్రులు ఇజు ద్వీపకల్పమున, సముద్రము ఒడ్డునే ఉన్న ఒక పాతకాలపు చిన్న బసలో గడపవలెనని అతని ఆలోచన. ఎనిమిది గదుల కొయ్య ఇల్లు. మంచములు లేవు, కుర్చీలు లేవు. భోజనము వారే పెడతారు. స్నానము అందరికీ ఒక్కచోట. ఇది విని కోడలు, “పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు. మంచము ఉన్న హోటలులో దింపుదాము” అన్నదట. భార్యాభర్తల మధ్య తగవు దేవరాపల్లి వరకు వచ్చినది.

“నువ్వు ఆ దేశం వెళ్ళొచ్చినోడివి, అలాటి ఇంట్లో పడుకున్నోడివి. మమ్మల్ని దిగమంటావా, వద్దంటావా?” అని చిన్నాన్న ప్రశ్న. పిన్ని వంటింటి గుమ్మములోనుండి మరొక మాట చేర్చినది: “డబ్బు పోతే పోనీ నాయనా. మళ్ళీ మళ్ళీ వెళ్తామేటి? అక్కడ నవ్వులపాలు కాకుండా వస్తే చాలు.”

పిన్ని మాట నా మనస్సుకు తగిలినది. ఎందుకనగా, అటువంటి ఇంట నవ్వులపాలైన వాడను నేనే.

పన్నెండేండ్ల క్రిందట ఒక శిక్షణకై టోక్యో వెళ్ళినప్పుడు, సెలవు దొరికిన రెండు రోజులలో సముద్రము చూడవలెనని ఇజు వెళ్ళినాను. టోక్యోనుండి అతామి మీదుగా ఇతో పట్టణమునకు సుమారు నూట ఇరవై కిలోమీటర్లు. రైలులో రెండు గంటలు పట్టదు. సాయంత్రము అయిదింటికి వస్తానని ముందుగా చెప్పి ఉన్నాను. కాని ఇతోలో బజారు చూస్తూ, ఎండుచేపల దుకాణముల ముందు నిలుస్తూ, రేవులో పడవలు లెక్కపెడుతూ ప్రొద్దు మరచిపోయినాను. బస చేరేసరికి రాత్రి ఎనిమిది దాటినది. సన్నని వాన పడుతున్నది. ఆ సందు మొగలో డెబ్బది ఏండ్లు పైబడిన ఒక ముసలామె గొడుగు పట్టుకొని నిలిచి ఉన్నది. ఆమెయే ఆ ఇంటి యజమానురాలు. దారి తప్పినానేమోనని రెండు గంటలుగా ఇంటిలోకీ సందులోకీ తిరుగుతున్నదట.

లోపల నా గదిలో పొట్టి బల్లమీద పది పన్నెండు చిన్న చిన్న పాత్రలలో భోజనము అమర్చి ఉన్నది. అంతా చల్లారిపోయినది. ఆ పూట దిగే అతిథుల సంఖ్యను బట్టి, మనిషికొకటి చొప్పున, తెల్లవారుజామున రేవులో కొన్న చేపలవి. నా చేప నాకోసమే ఎదురుచూచి పాడైనది. ఆమె నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా వంట చల్లారినందుకు తానే క్షమాపణ కోరినది. నేను హోటలుకు వెళ్తున్నాననుకొన్నాను గాని, ఒకరి ఇంటికి వెళ్తున్నాననుకోలేదు. నా పొరపాటు అంతా అక్కడనే ఉన్నది.

ఇంతకూ ఈ బసలు ఎటువంటివి? కొంచెము పెద్దవి, సంప్రదాయము తెలిసినవి అయితే రియోకాన్ అంటారు. పల్లెలలోను, తీరగ్రామములలోను ఒక కుటుంబము తమ ఇంటిలోనే కొన్ని గదులు అతిథులకు ఇచ్చి నడిపేవానిని మిన్షుకు అంటారు. యమనాషి మండలములోని కెయున్‌కాన్ అనే బస క్రీ.శ. 705లో మొదలై నేటికీ నడుస్తున్నది. 1948లో చేసిన బసల చట్టము ప్రకారము రియోకాన్ అనిపించుకొనుటకు అయిదు గదులు ఉంటే సరిపోయేది. 2018లో అమలుకు వచ్చిన సవరణతో హోటలుకు, రియోకాన్‌కు మధ్య ఉన్న తేడాను తీసివేసినారు.

పూర్వము ఎదో పట్టణమునుండి క్యోతోకు పోయే తోకైదో బాటమీద ఏబదిమూడు మజిలీలు ఉండేవి. ఆ మజిలీలలో సామాన్యులకు రెండు రకముల బసలు. ఒకటి హతాగో: అక్కడ రాత్రి భోజనము, ఉదయము భోజనము వారే పెట్టేవారు. రెండవది కిచిన్‌యాదో: అక్కడ బాటసారి తన బియ్యము తాను తెచ్చుకొని వండుకొని, కట్టెలకు మాత్రము డబ్బు ఇచ్చేవాడు.

ఈ రెండూ మనము ఎరుగనివి కావు. మొదటిది మన పూటకూళ్ళ ఇల్లు. రెండవది పొయ్యిరాళ్ళు, నీళ్ళు చూపించే మన సత్రము. ఓరుగల్లు పూటకూటింట ఒక్క రూకకు లభించే భోజనమును క్రీడాభిరామము వర్ణించినది. గురజాడవారి కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువారు లేరు. 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ యాత్రాచరిత్రలో ప్రతి మజిలీకి దిగుటకు చోటు ఉన్నదా, నీళ్ళు మంచివా, అంగళ్ళలో సరకులు దొరకునా అన్న సంగతులు శ్రద్ధగా వ్రాసినారు. తరువాత వచ్చే బాటసారికి ఏమి కావలెనో ఆయన ఎరుగును. చిన్నాన్నకు నేను చెప్పవలసినది కూడ అటువంటి లెక్కయే.

మొదట అనుకూలములు చెప్పినాను. కోడలు భయపడిన విషయములలో సగము మా చిన్నాన్నకు కొత్తవి కావు. చెప్పులు గుమ్మము వెలుపల విడవవలెను; దేవరాపల్లిలో ఎవరు చెప్పులతో లోపలికి వస్తారు? గది అంతా తతామీ అనే చాపలు పరచి ఉంటవి. అవి మన తుంగవంటి గడ్డితో అల్లినవి, రెండంగుళముల మందము ఉంటవి. పీట వంటి పొట్టి బల్లముందు నేలమీద కూర్చొని భుజించవలెను. రాత్రి భోజనము తరువాత అల్మారలోనుండి పరుపులు తీసి పరుస్తారు. ఉదయము మడిచి లోపల పెడతారు. ఇదంతా మన పాత ఇండ్ల పద్ధతియే. టోక్యోలో పెరిగిన యువకులకంటె మా చిన్నాన్నయే ఆ ఇంటిలో సులువుగా మసలగలరు.

ఇక విచారించి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నవి.

మొదటిది వెల. హోటలులో గదికి వెల కడతారు. ఇక్కడ మనిషికి కడతారు. ఒక రాత్రి, రెండు పూటల భోజనము కలిపి ఆ వెల. చిన్న మిన్షుకులలో మనిషికి సుమారు పదివేల యెన్నులు, అనగా మన డబ్బులో అయిదారు వేల రూపాయలు కావచ్చును. పేరున్న రియోకాన్‌లలో దానికి రెండు మూడు రెట్లు. ఈ సంగతి తెలియనివారు ముగ్గురు నలుగురు కలిసి ఒకే గదిలో దిగి, ఒక గది డబ్బే కదా అనుకొని, తెల్లవారి చీటీ చూచి తెల్లబోతారు. శనివారము రాత్రి వెల ఎక్కువ. ఏప్రిల్ చివరనుండి మే మొదటి వారము వరకు, ఆగస్టు నడుమ పితృదేవతల పండుగ రోజులలోను గదులు దొరకడమే కష్టము.

రెండవది భోజనము. రాత్రి భోజనము ఆరు, ఆరున్నర గంటలకే. తీరపు బస అంటే చేపయే ప్రధానము: పచ్చి చేప ముక్కలు, కాల్చినది, ఉడికించినది, పులుసు. చేపముక్క కనిపించని కూరలో కూడ ఎండబెట్టి పొగవేసిన చేపతో కాచిన దషి అనే రసము ఉంటుంది. కాబట్టి శుద్ధ శాకాహారులు కూరగాయలే కదా అని నిశ్చింతగా ఉండరాదు. అక్కడి బౌద్ధాలయముల వంటలో సముద్రపు నాచుతోను, పుట్టగొడుగులతోను ఆ రసము కాస్తారు. అటువంటివారికి ఆలయములలోని బసలే తగినవి. జాలరి కుటుంబము నడిపే మిన్షుకు కాదు.

మా పిన్నివాళ్ళు చేప తినేవాళ్ళే. కాని పిన్ని శనివారము నీచు ముట్టదు. అబ్బాయి తన సెలవును బట్టి శుక్ర, శని, ఆదివారములు నిర్ణయించినాడు! పచ్చి చేప చిన్నాన్న చూడనైనా చూడరు. దానిని కాల్చి పెట్టుమని నాలుగు రోజులు ముందు చెప్పితే ఏ ఇల్లాలైనా సంతోషముగా చేస్తుంది. వడ్డించిన తరువాత చెప్పితే ఆమెకు అంతకంటె అవమానము లేదు.

మూడవది స్నానము. ఇజు ప్రాంతములో వేడినీటి ఊటలు విస్తారము. తొట్టిలో దిగకముందే వెలుపల కూర్చొని ఒళ్ళు రుద్దుకొని శుభ్రముగా కడుగుకోవలెను. తొట్టి కాగుటకేగాని తోముకొనుటకు కాదు. స్త్రీలకు, పురుషులకు వేరువేరు తొట్లు. కాని లోపల వస్త్రము పనికిరాదు. ఈ మాట వినగానే పిన్ని ముఖము మాడినది. మరొక చిక్కు ఉన్నది. పిన్ని ముంజేతులకు చిన్ననాడు పొడిపించిన పచ్చబొట్లు ఉన్నవి. మనకవి సౌభాగ్యచిహ్నములు. జపానులో ఒడలిపై పచ్చబొట్టు అనగానే యకుజా అనే దౌర్జన్యపరుల ముఠాలు స్ఫురిస్తవి. 2013లో హొక్కైదోలోని ఒక స్నానశాలలో న్యూజిలాండునుండి వచ్చిన ఒక మావోరీ స్త్రీని, ఆమె ముఖమున ఉన్న కులాచారపు పచ్చబొట్టు కారణముగా లోపలికి రానీయలేదు. 2015లో ఆ దేశపు పర్యాటకశాఖ విచారించగా, జవాబిచ్చిన బసలలో సగానికి పైగా పచ్చబొట్టు ఉన్నవారిని స్నానశాలలోకి రానీయమని చెప్పినవి. అయితే అనేకమైన బసలలో కుటుంబమునకు వేరుగా తాళము వేసుకొనే చిన్న స్నానశాల ఉంటుంది. ముందుగా అడిగితే ఆ గంటసేపు అది మనదే. నీళ్ళ వేడిమి నలుబది డిగ్రీలు దాటి ఉంటుంది. రక్తపు పోటు ఉన్నవారు వైద్యుని అడుగకుండా అందులో దిగరాదు. దిగినా కొద్దిసేపే ఉండవలెను.

నాలుగవది రాత్రి. నేలమీద కూర్చొనుట ఒక ఎత్తు, నేలమీదనుండి లేచుట మరొక ఎత్తు. పాత ఇండ్లలో మరుగుదొడ్డి నడవ చివర ఉంటుంది. మెట్లు నిటారుగా ఉంటవి. క్రింది అంతస్తులో గది ఉన్నదా, మరుగుదొడ్డి గదిలోనే ఉన్నదా, మోకాళ్ళవారికి పొట్టి కుర్చీ ఇస్తారా అని అడుగవలెను. కోడలి భయములో ఈ సగము న్యాయమైనది.

అయిదవది సముద్రము. 2004 డిసెంబరు 26న సునామి మన ఆంధ్రతీరమును కూడ తాకినది. 2011 మార్చి 11న జపాను ఈశాన్యతీరమున ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకొనిపోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎట్లు చేసినదో మనము చూచినాము. సముద్రము ఒడ్డున పడుకొనేవారు ఎత్తయిన చోటికి దారి ఏదో వెలుతురు ఉండగానే చూచుకోవలెను. అక్కడి బసలలో ఆ దారి పటము గోడకు వ్రేలాడుతూనే ఉంటుంది. చూడవలసిన పని మాత్రము మనది.

ఇవన్నీ చెప్పిన తరువాత కూడ, దిగవలెనా వద్దా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. చాపలు, చేపలు, మెట్లు అన్నియు ఒక్క మాటలో ఇముడునని నాకు తోచినది. హోటలు మన అలవాట్లను అనుసరించి నడుస్తుంది. మనము ఎప్పుడు వచ్చినా, ఎప్పుడు తిన్నా, తినకపోయినా దానికి పట్టదు. ఈ చిన్న ఇల్లు తన అలవాట్లను అనుసరించి మనలను నడువుమంటుంది. ఆ ఒక్క రాత్రికి వారి గంటలు మన గంటలు కావలెను. దానికి సమ్మతించగలిగితే దిగవచ్చును, సమ్మతించలేనివారు దిగరాదు. సమ్మతించలేకపోవడము తప్పు కాదు. దిగిన తరువాత సణగడము తప్పు.

వారి పక్షము కూడ మనము ఆలోచించవలెను. 1980 ప్రాంతమున ఎనుబదివేలకు పైగా ఉన్న రియోకాన్‌లు 2017 నాటికి నలుబదివేలకంటె తగ్గిపోయినవి. యజమానులు ముసలివారైనారు, పిల్లలు పట్టణములకు పోయినారు. మన పల్లెల కథయే అది. నలుగురు అతిథులకు వండే ఆ ఇంట ఒక్కరు రాకపోయినా ఆ పూట లాభము పోతుంది. నేను మూడు గంటలు ఆలస్యము చేసిననాడు ఆ ముసలామెకు ఎంత నష్టము చేసినానో అప్పుడు నాకు తెలియలేదు.

కాబట్టి చిన్నాన్నకు చెప్పినాను: “దిగండి. కాని మూడు రాత్రులు వద్దు, ఒక్క రాత్రి చాలు. శనివారము వద్దు, గురువారము వెళ్ళండి. పిన్ని నియమము నిలుస్తుంది, డబ్బూ తగ్గుతుంది. పచ్చి చేప సంగతి, పచ్చబొట్ల సంగతి, మోకాళ్ళ సంగతి అబ్బాయిచేత ముందే చెప్పించండి. ఒప్పుకుంటామని వారి నోటివెంట వస్తేనే వెళ్ళండి. మిగిలిన రెండు రాత్రులు కోడలు చెప్పిన హోటలులో ఉండండి.” ఆ మాట ఇంటిల్లిపాదికీ నచ్చినది.

ఏప్రిల్ మూడవ వారములో వారు ఆ బసలో దిగినారు. తిరిగి వచ్చిన తరువాత ఆ రాత్రి సంగతులు వారినోటనే విన్నాను. అక్కడ ఇచ్చే యుకతా అనే పలుచని అంగీని చిన్నాన్న కుడి అంచు పైకి వచ్చునట్లు కట్టుకొన్నారట. ఆ ఇల్లాలు కంగారుపడి వచ్చి స్వయముగా సరిచేసినది. అట్లు కట్టేది శవమునకు మాత్రమే. పిన్ని నవ్వి, అపసవ్యము మనకూ ఉన్నది కదా అన్నదట. చిన్న గిన్నెలో పెట్టిన అన్నము చిన్నాన్నకు రెండు ముద్దలకు చాలలేదు. నాలుగుసార్లు అడిగి సిగ్గుపడి ఊరుకొంటే, ఆమె అన్నపు కొయ్యతొట్టినే తెచ్చి ఆయన ప్రక్కన పెట్టినది. కుటుంబపు స్నానశాలలో పిన్ని ఒంటరిగా, తలుపు వేసుకొని, సముద్రపు హోరు వింటూ స్నానము చేసినది. తన జన్మలో అంతసేపు ఎవరూ పిలువకుండా కూర్చొన్నది లేదని చెప్పినది.

రాత్రి మాత్రము కోడలి మాటయే నిజమైనది. తెల్లవారుజామున చిన్నాన్న పరుపుమీదనుండి లేవలేక గోడ పట్టుకొనవలసి వచ్చినది. రెండవ రాత్రి అక్కడ ఉండి ఉంటే కష్టమయ్యేదని ఆయనే ఒప్పుకొన్నారు.

“మరి వెళ్ళినందుకు బాధ లేదా?” అని అడిగినాను.

చిన్నాన్న కొంచెముసేపు ఆలోచించి ఇట్లన్నారు: “మేము కారెక్కి బయలెల్తే, ఆ ముసలమ్మ, ఆయన వీధిలో కొచ్చి నిలబడ్డారు. మలుపు తిరిగేదాకా వంగి దండమెడుతూనే ఉన్నారు. మనూరికి చుట్టం వొస్తే, మా నాన్న గట్టుదాకా వెళ్ళి సాగనంపేవోడు. నేను మానేసి ఎన్నాళ్ళయిందో అప్పుడు తలుచుకున్నాను.”

నేను సెలవు తీసుకొని బయలుదేరినప్పుడు ఆయన మోకాలు నొక్కుకొంటూనే లేచి, నేను వారించినా వినక, శారదానది గట్టు వరకు నా వెంట వచ్చినారు.